‘ఏం చేతకాదు’ అని రాసిన ఫారం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను కలిస్తే ముందు అడిగేది ఏయే జీవోలు చదవాలి అని. చదవండి, తప్పు లేదు. దానితో పాటు ఊళ్లకు పోయేటప్పుడు ఒక గొడుగు పట్టుకెళ్లండి. ఎండకో వానకో కాదు. ఎవరింట్లోనైనా మరిచిపోవడానికి. అదెందుకో కాస్త ఆగి చెబుతాను.

నేను మొదట పత్రికవాణ్ణి. జగిత్యాలలో ఉండి ఒక దినపత్రికకు చాలా ఏళ్లు వార్తలు రాశాను. బావిలో పడ్డ బర్రె నుంచి మంత్రిగారి పర్యటన దాకా అన్నీ ఒకే కలంతో, ఇంచుమించు ఒకే వాక్యంతో. తర్వాత వికలాంగుల సంక్షేమం చూసే శాఖలో రాయడం వచ్చిన మనిషి కావాలంటే చేరాను. అప్పుడు రాష్ట్రం మొత్తానికీ ఒక ప్రణాళిక తయారవుతోంది. పేరు వికలాంగుల స్వతంత్ర జీవన ప్రణాళిక. వికలాంగులు ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి ఇంట్లో వాళ్లు, తమ ఇష్టప్రకారం బతకడానికి ఏమేం కావాలో ఇంటింటికీ పోయి అడిగి రాసుకురావాలి. మా వాటాకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్లు వచ్చాయి. తర్వాత జిల్లాలు మారాయి, మా బోర్డు మీద ‘వికలాంగులు’ పోయి ‘దివ్యాంగులు’ వచ్చింది. బోర్డు కిందున్న మెట్లు మాత్రం మారలేదు.

పైన సభ, కింద జనం

మా పెద్దసారు మంచివాడు. ఇది ఎత్తిపొడుపు కాదు. ఫైలు ఆపడు, చేయి చాపడు, కసురుకోడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే. కాగితం మీద ఉన్నది ఊళ్లో కూడా ఉంటుందని నమ్మేవాడు.

మొదటి సమావేశం జగిత్యాలలో ఒక భవనం రెండో అంతస్తులో పెట్టాం. హాలు అక్కడే ఉంది మరి. మైకు, బ్యానరు, పూలదండలు అన్నీ పైకి చేరాయి. రావలసిన జనంలో ముప్పాతిక వంతు కింద మెట్ల దగ్గర ఆగిపోయారు. పైన మేం వాళ్ల కోసం, కింద వాళ్లు మా కోసం ఎదురుచూశాం. చివరికి పెద్దసారు “స్పందన తక్కువగా ఉందే” అని నొచ్చుకుని, ఖాళీ కుర్చీలకు స్వతంత్ర జీవనం గురించి ముప్పావు గంట వివరించారు.

నేను చాయకని కిందికి దిగాను. మొదటి మెట్టు మీద, చేతులకు రబ్బరు చెప్పులు తొడుక్కుని, నలభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. పేరు రాజవ్వ. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. నేల మీద చేతులు మోపి జరుగుతుంది. పక్కన ఆమె తమ్ముడు సత్తయ్య. సిరిసిల్ల నుంచి వచ్చారు.

“సారూ, మీదున్నాయన గంటసేపాయె, ఏం చెప్తుండు?” అని అడిగింది.

“మీరు స్వతంత్రంగా బతకాలని చెబుతున్నారమ్మా.”

“మంచిదే. మరి గా స్వతంత్రం కిందికి దిగి అత్తదా, మేమే ఎక్కాల్నా?”

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. సత్తయ్య ముడుచుకుపోయి, “ఊకో అక్కా, సారు ఏమన్న అనుకుంటడు” అన్నాడు.

“అనుకోనీరా. నేను సిరిసిల్ల కెళ్లి రెండు బస్సులు ఎక్కి దిగిన. గా సారు ఇన్ని మెట్లు దిగలేడా?”

నేను పైకెళ్లి ఈ మాట పెద్దసారు చెవిలో వేశాను. ఆయన దిగివచ్చి, మెట్ల దగ్గరే నిలబడి మళ్లీ మొత్తం చెప్పారు. ఈసారి పది నిమిషాల్లో అయిపోయింది. ఎండ అలాంటిది. మర్నాటి నివేదికలో నేను ‘సమావేశానికి విశేష స్పందన’ అని రాశాను. పత్రిక వదిలినా పత్రిక రోగం వదల్లేదు.

గొడుగు

మాకిచ్చిన ఫారంలో పద్నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇతరుల సహాయం లేకుండా ఏయే పనులు చేసుకోగలరు? వంట, స్నానం, బయటికి పోవడం, సంపాదన, ఇలా వరుసగా ఉంటాయి. ఒక్కోదానికి ఎదురుగా రెండే గళ్లు. చేతనవును, చేతకాదు.

కోరుట్ల నుంచి మల్లాపూర్ పోయే దారిలో ఒక ఊరు. అక్కడ మల్లాగౌడ్ అని గీత కార్మికుడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. నేను వెళ్లేసరికి మండుటెండల్లో మెడదాకా చెద్దరు కప్పుకుని నులకమంచం మీద మూలుగుతున్నాడు. భార్య గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది.

“ఏం చేతకాదు సారు. ముద్ద నోట్లె పెడితేనే తింటడు” అంది.

“లేచి కూర్చోగలడా?”

“కూసునుడా! పక్కకు ఒత్తిగిల్లుడే పెద్ద కష్టం.”

చెద్దరు కింద నుంచి దానికి తగ్గ మూలుగు ఒకటి వచ్చింది. అన్ని గళ్లలో చేతకాదు అని గీతలు కొట్టుకుని బయల్దేరాను. బస్సు ఆగేచోటికి చేరాక గొడుగు గుర్తొచ్చింది. వెనక్కి నడిచాను.

మల్లాగౌడ్ వాకిట్లో ఉన్నాడు. చెక్కకు నాలుగు చిన్న చక్రాలు బిగించిన బండి మీద కూర్చుని, గుంజకు కొస కట్టి, మోకు పేనుతున్నాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు అది. నాలుగూళ్ల గౌండ్లు, అంటే కల్లు గీసేవాళ్లు, అతని దగ్గరే పేనించుకుంటారని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే “అరె, సారు మళ్ల అచ్చిండే!” అని, రెండు చేతుల మీద లేచి ఒక్క ఊపులో మంచమెక్కి, చెద్దరు లాక్కుని, మూలుగు అందుకున్నాడు.

“మల్లన్నా, మంచం ఎక్కడం మాత్రం ఎవరి సాయం లేకుండానే చేతనవుతోందే” అన్నాను.

చెద్దరు లోపల మూలుగు ఆగింది. తర్వాత, “భయానికి ఎక్కిన సారు. రోజు చేతకాదు” అన్నాడు.

భార్య ముందు నవ్వింది, తర్వాత అతను, తర్వాత నేను. చాయ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. “చేతనైతదంటే పింఛన్ కొట్టేస్తరు. చేతకాదంటే ఇజ్జత్ పోతది. ఇజ్జత్‌దేముంది సారు, మళ్ల సంపాయించుకోవచ్చు.”

ఆ తర్వాత గొడుగు కావాలనే మరిచిపోవడం మొదలుపెట్టాను. ప్రతి ఊళ్లోనూ ఇదే ఆచారం. కాగితాలు పట్టుకున్న మనిషి వీధి మలుపులో కనిపిస్తే చాలు. పొయ్యి దాస్తారు, మంచి చీర మార్పిస్తారు, మనిషిని మంచమెక్కిస్తారు. ఇరుగుపొరుగు కూడా వచ్చి తలా ఒక చేయి వేస్తారు. దీన్ని మోసం అనకండి. క్యాంపులు పెట్టి, వరుసలో నిలబెట్టి, ‘నీకేం చేతకాదో చూపించు’ అని ఏళ్ల తరబడి అడిగింది మనమే. పాఠం బాగా వంటబట్టింది, అంతే.

విచిత్రం ఏమిటంటే, మా ఫారానికీ పింఛనుకూ ఏ సంబంధమూ లేదు. ఆ ముక్క జనానికి ముందే చెబుదామా అని పెద్దసారును అడిగాను. “చెబితే తలుపులు తీయరండీ. ముందు ఫారాలు నిండనివ్వండి” అన్నారు. సరేనన్నాను. ఆ ‘సరే’ నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు.

సాంచెల చప్పుడు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. నేను వెళ్లిన రోజుల్లో సాంచెలు ఒక్కో వీధిలో ఆగిపోతున్నాయి. నూలు ధర పెరిగింది, బట్ట అడిగేవాడు లేడు. కొందరు సాంచెలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. మగవాళ్లు మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండికి, లేదంటే దుబాయికి పోతున్నారు.

రాజవ్వ వాళ్ల వీధిలో అప్పటికి నడుస్తున్న కార్ఖానా ఒక్కటే. లోపలికెళ్లి ఆసామిని, అంటే సాంచెల యజమానిని, “మీ దగ్గర చెవిటివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాను.

“ఏందీ?” అన్నాడు. మళ్లీ అడిగాను. “ఏందీ?” అన్నాడు. మూడోసారి చెవి దగ్గర అరిచాను.

“గీడ అందరం చెవిటోళ్లమే సారూ! మంచిగ మాట్లాడేటోడు వెంకటి ఒక్కడే!” అని తిరిగి అరిచాడు.

వెంకటికి పుట్టుకతోనే వినపడదు. కానీ ఆ చప్పుడులో ఎవరి నోటికీ పని లేదు. పోగు తెగిందని ఒక వేలు, నూలు చుట్టిన కండె అయిపోయిందని రెండు, చాయ వచ్చిందని బొటనవేలు. ఈ భాషలో వెంకటిని మించినవాడు లేడు. జోకులు కూడా వేళ్లతోనే వేసేవాడు. సాంచెలు నడిచినన్నాళ్లు అతను చెవిటివాడన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. సాంచెలు ఆగిన వీధుల్లోకి వచ్చాకే అతను చెవిటివాడయ్యాడు.

రాజవ్వ ఇల్లు ఆ కార్ఖానాకు ఎదురుగానే. ఆ ఇంట్లో నిలబడి చేసే పని ఒక్కటీ లేదు. పొయ్యి నేల మీద, తలుపు గడియ మోకాలెత్తున, స్విచ్చులు కూడా అంతే. అన్నీ సత్తయ్య అక్క కోసం దింపి బిగించినవి. మంచినీళ్లు కావాలంటే నిలబడ్డ నేనే వంగి వెతుక్కోవాల్సి వచ్చింది. గోడవార మోటారు రాట్నం ఉంది. రాజవ్వ దాని మీద కండెలు చుడితే, వెంకటి రోజూ వచ్చి గంపలో కార్ఖానాకు పట్టుకెళ్తాడు.

సత్తయ్య పనిచేసే కార్ఖానా మూతపడింది. పెళ్లాం పిల్లలు చందుర్తిలో ఆమె తల్లిగారింటికి పోయారు. అక్కడ పొలం పనైనా దొరుకుతుంది. తను భివండి పోదామనుకుంటున్నాడు. వియ్యాలవారింటికి అక్కను పంపడం మర్యాద కాదు, భివండి గదిలోకి తీసుకుపోవడం కుదరదు. రాజవ్వకు ఈ రెండూ అక్కర్లేదు కూడా. ఆమెకు తన ఇల్లు ఉంది, తన పని ఉంది.

నా చేతిలో ఫారం చూడగానే ఆమె నవ్వు ఆపుకుంటూ తనంతట తానే మంచమెక్కి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. సత్తయ్య నా ఎదురుగా కూర్చుని, “రాసుకో సారు. వంట చేతకాదు, తానం చేతకాదు, ఏం చేతకాదు” అని చెబుతూ, చెమట తుడుచుకోవడానికి అటూఇటూ తడుముకుని, “అక్కా, నా తువ్వాల ఏడున్నది?” అన్నాడు.

కొంగు కింద నుంచి జవాబు వచ్చింది. “నీ భుజం మీదనే ఉన్నది చూడు.”

నాకంతా అర్థమైంది. గొడుగు వదిలేసి వెళ్లి, గంటాగి రావాల్సింది. కానీ ఆ రోజు గొడుగును మా ఇంట్లోనే మరిచిపోయాను. ఇంకా చాలా ఇళ్లున్నాయి. చెప్పింది చెప్పినట్టు గీతలు కొట్టుకుని వచ్చేశాను.

నేను కొట్టిన గీతలు

కొన్నాళ్లకు పైనుంచి జాబితా వచ్చింది. ఏ పనీ చేతకాక, ఇంట్లో చూసేవాళ్లు లేనివాళ్లను సంరక్షణ గృహానికి తరలించాలట. స్వతంత్ర జీవన ప్రణాళికలో మా వైపు జరగబోయే మొదటి పని, మనుషులను ఇళ్ల నుంచి తీసుకుపోవడం. జాబితాలో రాజవ్వ పేరుంది. తమ్ముడు భివండి పోతున్నాడని కూడా ఫారంలో నేనే రాశాను.

కాగితం అందిన రెండో రోజే ఆమె జగిత్యాల వచ్చింది. ఆఫీసు మొదటి మెట్టు మీద కూర్చుని నాకు కబురు పంపింది. ఈసారి జోకులు లేవు.

“నన్ను ఏడికో తోలుకపోతరట. నేనేం నేరం చేసిన సారు?”

“నేరం కాదమ్మా, నీకేం చేతకాదని ఫారంలో ఉంది.”

“ఉంటే? రాసింది నువ్వే కదా, నువ్వే కొట్టెయ్. పింఛన్‌కు ఒక్క అబద్ధం ఆడితిమి. దానికి ఇల్లే గుంజుకుంటరా? ఎవ్వలో వండితే తిని, ఎవ్వలో లేపితే లేసి, గాడ నేనేం చెయ్యాలె? సచ్చేదాంక మంచం మీద యాక్టింగే చెయ్యాల్నా?”

తల దించుకుని పెద్దసారు దగ్గరికెళ్లి అంతా చెప్పాను, మల్లాగౌడ్ సంగతితో సహా. ఆయన రాజవ్వ ఫారం తెప్పించుకుని మొదటి నుంచి చదివారు. చివరికి, “ఒకసారి రాసింది నేను ఊరికే కొట్టేయలేను. కమిటీ పోయి చూడాలి. నేనే వస్తాను. ఆమె పనులు ఆమె చేసుకుంటుందని కళ్లారా చూస్తే పేరు తీసేస్తాను. లేదంటే బండి ఎక్కాల్సిందే” అన్నారు.

రాజవ్వకు చెప్పాను. “ఏ నాటకమూ వద్దు. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండు, చాలు.”

“గిదే ముందుగాల చెప్తే అయిపోవు కదా సారు” అంది.

ఆమెకు చెప్పాను. వీధికి చెప్పడం మరిచిపోయాను.

జీపు వచ్చింది

జీపు వీధి మలుపు తిరిగేసరికి ఎవరో “సార్లు అచ్చిండ్రో!” అని కేక వేశారు. తర్వాత అంతా అలవాటుగా జరిగిపోయింది. పక్కింటి లచ్చవ్వ రాజవ్వ పొయ్యి ఎత్తుకుపోయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు “నన్ను ఇడువుండ్రే!” అంటున్న రాజవ్వను ఎత్తి మంచం మీద పడేశారు. మరొకావిడ రాట్నం మీద దుప్పటి కప్పింది. మేం గడపలోకి వచ్చేసరికి లచ్చవ్వ మంచం కోడు పట్టుకుని ఏడుస్తోంది.

“ఏం చేతకాదు సారూ! చెంచాతోని నీళ్లు పోస్తేనే గుటక!”

“నీ నోరు పడిపోను లచ్చవ్వా, ఊకోవే!” అని రాజవ్వ లేవబోయింది. లచ్చవ్వ ఆమెను ప్రేమగా మళ్లీ పడుకోబెట్టి, “సూసిండ్రా, మతి గూడ సక్కగ లేదు” అంది.

పెద్దసారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. గోడవార దుప్పటి కింద ఏదో గుర్రుమంటూ తిరుగుతోంది. తొందరలో మోటారు ఆపలేదు.

“ఏమిటది?” అన్నారు పెద్దసారు.

“పిల్లి సారు” అంది లచ్చవ్వ.

సరిగ్గా అప్పుడు వెంకటి వచ్చాడు. వీధంతా విన్న కేక అతనొక్కడికే వినపడలేదు. రోజూ వచ్చినట్టే వచ్చి, ఖాళీ గంప దించి, దుప్పటి లాగి పారేశాడు. సగం చుట్టిన కండె గిరగిర తిరుగుతోంది. మోటారు ఆపి, మంచం వైపు తిరిగి వేళ్లతో ఏదో గట్టిగా అడిగాడు. ఆ భాష రానివాళ్లకు కూడా అర్థమైంది. సాంచె ఖాళీగా ఉంటే నువ్వు పడుకుంటావేంది?

పెద్దసారు రాట్నం వైపు చూపించి, ఎవరు అన్నట్టు చేయి తిప్పారు. వెంకటి మంచం మీదున్న రాజవ్వను చూపించాడు. తర్వాత పెద్దసారును చూపించి, ఈయనెవరని అడిగాడు.

ఈలోగా రాజవ్వ మంచం దిగింది. చేతులకు చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి జరిగి మొదలుపెట్టింది. “లచ్చవ్వా, నా పొయ్యి తే! నువ్వు చెంచాతోని నీళ్లు పోస్తవా నాకు? మొన్న జరమొస్తే నీకు గంజి కాసి పోసింది ఎవ్వలే?” పొయ్యి వచ్చింది. పది నిమిషాల్లో మా అందరి చేతుల్లో చాయ ఉంది.

పెద్దసారు చాయ తాగుతూ ఫారం తీశారు. ఆయన నిజాయితీ ఆయనది. “అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నల్లా నీళ్లు పక్కింటావిడ మోస్తుంది, కండెలు ఇతను మోస్తాడు. ఇతరుల సహాయం లేకుండా అని ఎలా రాయను?”

రాజవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. “సారూ, మీ జీపు ఎవలు నడిపిండ్రు?”

“డ్రైవరు.”

“గా సంచి?”

సంచి అటెండరు చేతిలో ఉంది.

“ఇంటికాడ చాయ ఎవలు పెడుతరు?”

పెద్దసారు గ్లాసులోకి చూశారు.

“మరి మిమ్ముల కూడ తోలుకపోతరా సారు?”

లచ్చవ్వ ఏడుపు మరిచి నవ్వింది. డ్రైవరు బయటికెళ్లి నవ్వాడు. చివరికి పెద్దసారు కూడా నవ్వి, ఫారం నాకిచ్చి, “మీరు పత్రికవారు కదా, ఒక వాక్యం రాయండి. గళ్లలో పట్టకపోతే పక్కన రాయండి” అన్నారు. నేను రాశాను. ‘తన పనులు తాను చేసుకుంటుంది. చేసుకోలేనివి ఎవరితో చేయించుకోవాలో తానే చూసుకుంటుంది.’ ఆయన సంతకం పెట్టారు. జాబితాలో నుంచి పేరు పోయింది. తర్వాత అచ్చు వేసిన ఫారాల్లో మూడో గడి ఒకటి చేరింది, ‘అడిగి చేయించుకుంటారు’ అని. అన్నిటికన్నా పైన ‘ఈ ఫారానికి పింఛనుతో సంబంధం లేదు’ అని కూడా వచ్చింది. నా ఉద్యోగమంతటికీ నేను గర్వపడే అచ్చు ఆ రెండు ముక్కలే. నా పేరు లేకుండా వచ్చాయి.

మిగిలిన ఒక్క ఫారం

పదిరోజుల తర్వాత సిరిసిల్ల బస్టాండులో వాళ్లిద్దరూ కనిపించారు. సత్తయ్య భివండి పోతున్నాడు. రాజవ్వ కింద కూర్చుని అతని సంచి విప్పి మళ్లీ సర్దుతోంది. పప్పు డబ్బా, కారం డబ్బా, జరానికి మందు గోళీలు. ఏది ఎక్కడుందో చెబుతుంటే అతను తలూపుతున్నాడు. వింటున్నట్టు లేదు. కళ్లు తడిగా ఉన్నాయి.

“సారూ, మంచిగ అచ్చినవ్. పాత ఫారం ఒకటున్నదా?” అని అడిగింది రాజవ్వ.

“నీ పని అయిపోయింది కదమ్మా. ఇంకెవరికి?”

“గీనికి. రాయి. పేరు సత్తయ్య. బువ్వ వండుకునుడు చేతకాదు. బట్టలు ఉతుక్కునుడు చేతకాదు. తువ్వాల భుజం మీదుంటే ఊరంత దేవులాడుతడు. ఊరు గాని ఊరికి ఒక్కడే పోతుండు. స్వతంత్రంగ ఎట్ల బతుకుతడో గా మీ ప్రణాళికల ఏమన్న ఉంటే చూడుండ్రి.”

సత్తయ్య నవ్వబోయి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. బస్సు కదిలేలోగా ఆమె నేను నింపిన ఫారాన్నీ నా కలాన్నీ అడిగి తీసుకుంది.

ఆ ఫారం నేను ఎక్కడా దాఖలు చేయలేదు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ప్రతి గడిలోనూ చేతకాదు అనే ఉంది. అడుగున సంరక్షకుల సంతకం అన్నచోట, వంకర అక్షరాలతో, గడి దాటిపోయేంత పెద్దగా ఒక్క మాట ఉంది. అక్క.